ఇంట్లో ఉన్న గుడ్డతో పిల్లలకు మూడు కానుకలు: బొంత, బంతి, అష్టాచెమ్మా గుడ్డ

పిల్లలకు చేత్తో కుట్టి ఏదైనా ఇవ్వాలనుకున్నప్పుడు చాలామంది ముందుగా ఒక నమూనాను ఎంచుకుని, ఆ తరువాత దానికి తగిన గుడ్డ కోసం దుకాణానికి వెళతారు. ఇంట్లో ఉన్న గుడ్డతోనే పని ముగించాలంటే ఈ వరుసను తిరగవేయాలి. ముందు గుడ్డను పరిశీలించి, దానిలో ఇంకా ఎంత బలం మిగిలి ఉందో, ఎంత మెత్తబడిందో, రంగు నిలుస్తుందో లేదో తేల్చుకుని, అప్పుడు మాత్రమే అది ఏ కానుకకు పనికివస్తుందో నిర్ణయించాలి. ఏళ్ల తరబడి కట్టి ఉతికిన నూలు చీరతో బడి సంచి కుడితే నెల తిరగకుండానే చిరుగుతుంది. అదే చీరతో పసిబిడ్డ కింద పరిచే బొంత కుడితే, కొత్త గుడ్డకు ఎంత ఖర్చు పెట్టినా రాని మెత్తదనం దానికి ఉంటుంది. ఈ మార్గదర్శిలో బారసాలకు ఇవ్వదగిన బొంతను, నడక నేర్చే పిల్లలకు గుడ్డ బంతిని, ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలకు అష్టాచెమ్మా గుడ్డను, దానిని దాచుకునే బొందు సంచిని కుట్టే విధానం ఉంది. బొంతకు కుట్టు మిషను అక్కరలేదు. మిగిలినవి మిషను మీద తొందరగా అవుతాయి గాని, చేతితో కుట్టినా నిలుస్తాయి.

గుడ్డలను వేరు చేయడం

బీరువా అడుగున ఉన్నదంతా ఒకసారి నేల మీద పరచాలి. సాధారణంగా ఒక తెలుగింట్లో పాత నూలు చీరలు, పంచెలు, లుంగీలు, కాలరు అరిగిపోయిన చొక్కాలు, పేరంటాల్లో చేతులు మారుతూ చివరికి మన దగ్గర ఆగిపోయిన రవిక ముక్కలు, దర్జీ తిరిగి ఇచ్చిన పీలికలు బయటపడతాయి. వీటిలో ఏది నూలో, ఏది కాదో చూపుతో చెప్పడం కష్టం కనుక, అంచు నుంచి ఒక పోగు లాగి, దానిని చిమటాతో పట్టుకుని అగ్గిపుల్లతో అంటించాలి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో మండి, వేలితో తాకగానే పొడి అయ్యే బూడిదను మిగులుస్తుంది. పాలిస్టరు కరిగి ముడుచుకుని, చల్లారాక గట్టి పూసలా అవుతుంది. పట్టు పోగు వెంట్రుక కాలినట్టు వాసన వేస్తుంది. పసిపిల్లల వస్తువులకు నూలునే ఉంచుకుని, పాలిస్టరు కలిసిన ముక్కలను సంచి లోపలి లైనింగుకు, బంతిలో కూరడానికి పక్కన పెట్టాలి. పేరంటపు రవిక ముక్కల్లో ఎక్కువ భాగం ఈ రెండో కుప్పలోకే చేరుతుంది.

తరువాత బలాన్ని చూడాలి. గుడ్డను రెండు చేతులతో, బొటనవేళ్లు దగ్గరగా ఉండేటట్టు పట్టుకుని, ముందు పడుగు (నిలువు పోగుల) వైపు, తరువాత పేక (అడ్డం పోగుల) వైపు గట్టిగా లాగాలి. పోగులు జరిగి సందులు కనిపించినా, సన్నగా చిటపటమన్న చప్పుడు వినిపించినా ఆ భాగం కుట్టును మోయలేదు. ఒకే చీరలో కూడా బలం అన్ని చోట్లా సమానంగా ఉండదు. కుచ్చిళ్లు నేలను రాసుకునే కింది అంచు, కూర్చున్నప్పుడు ఒత్తిడి పడే భాగం ముందుగా నలుగుతాయి. నడుముకు మొదటి చుట్టుగా లోపల దోపుకునే చెరగు మాత్రం, చీర ఎంత పాతదైనా, దాదాపు కొత్తగానే ఉంటుంది. అయిదున్నర మీటర్ల చీరలో నాలుగు మీటర్లు పనికిరాకపోయినా ఆ లోపలి చెరగు నుంచి బంతికి, చదరాలకు కావలసిన మంచి గుడ్డ దొరుకుతుంది. ఏ భాగం ఎలా ఉందో వెలుతురుకు ఎదురుగా ఎత్తిపట్టి చూసి, బలహీనమైన చోట్ల సుద్దతో గీత గీసుకోవాలి.

ఇక్కడ ఒక మాట. చీర ఎవరిదో వారిని అడగకుండా దాని మీద కత్తెర పెట్టకూడదు. పాతబడి మూలన పడి ఉందని మనం అనుకునే చీర, ఇంట్లో పెద్దవారికి ఏ పెళ్లి నాటి గుర్తుగానో ఉండవచ్చు. పట్టు చీరల విషయంలో నా అభిప్రాయం ఇంకా కచ్చితమైనది: పిల్లల కానుకలకు వాటిని కోయవద్దు. తరచుగా ఉతికితే పట్టు నిలవదు, జరీ పోగు తెగినచోట లేత చర్మాన్ని గీరుతుంది.

గళ్ల లుంగీని మాత్రం ప్రత్యేకంగా దాచుకోవాలి. దాని నేత గట్టిగా ఉంటుంది, ఎన్నో ఉతుకులు చూసింది కనుక వదలవలసిన రంగు ఎప్పుడో వదిలేసింది, పైగా గళ్ల గీతలే స్కేలుగా పనికివస్తాయి. గీత వెంట కత్తిరిస్తే చాలు, వంకర పోయే అవకాశం ఉండదు.

ఉతుకు, ఇస్త్రీ, సూది, దారం

గంజి పెట్టిన గుడ్డను అలాగే కుట్టకూడదు, ఎందుకంటే సూది గట్టిగా దిగడమే కాక, మొదటి ఉతుకులోనే కుట్టు వదులై ముడతలు పడుతుంది. గుడ్డలన్నింటినీ గోరువెచ్చని నీటిలో కొంతసేపు నానబెట్టి, సబ్బుతో ఉతికి, ఎండలో ఆరవేయాలి. ఒక్కసారీ నీళ్లలో పడని కొత్త నూలు గుడ్డ నూటికి మూడు నుంచి అయిదు పాళ్ల వరకు కుంచించుకుపోతుంది. పాత గుడ్డ పక్కన దానిని ఉతకకుండా కుడితే, తరువాత కొత్త ముక్క ముడుచుకుని పాత ముక్కను లాగుతుంది. రంగు పరీక్షకు తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దితే సరిపోతుంది. ముదురు ఎరుపు, నీలం, నలుపు అద్దకాలను తప్పకుండా ఇలా చూడాలి. రంగు అంటితే మళ్లీ మళ్లీ ఉతకాలి. అయినా వదులుతుంటే ఆ గుడ్డను పిల్లలు నోట్లో పెట్టుకునే ఏ వస్తువుకూ వాడరాదు.

ఆరిన గుడ్డను కొద్దిగా చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేసి, నేత తిన్నగా ఉందో లేదో చూసుకోవాలి. కత్తిరింపు తిన్నగా రావడానికి గీత కంటే నమ్మకమైన పద్ధతి పోగు లాగడం. అంచు దగ్గర చిన్న గంటు పెట్టి, అక్కడ బయటపడిన ఒక పేక పోగును గోటితో పట్టుకుని మెల్లగా లాగుతూ, గుడ్డను మరో చేత్తో వెనక్కి జరుపుతూ పోతే, ఆ పోగు ఉన్నంత మేర సన్నని గాడి ఏర్పడుతుంది. పోగు మధ్యలో తెగితే అక్కడిదాకా కత్తిరించి, మళ్లీ దాని కొనను వెతికి పట్టుకోవాలి. ఆ గాడి వెంట కత్తెర నడిపితే ముక్క ఎటూ సాగదు.

మామూలు నూలు గుడ్డకు మిషను సూది 14వ నంబరు, పలచని పాత చీరకు 11, జీన్సు గుడ్డకు 16 సరిపోతాయి. కుట్టు పొడవు అంగుళానికి పది కుట్లు పడేటట్టు ఉంచాలి. దారం విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. పెట్టెలో ఏళ్లుగా పడి ఉన్న రీలు నుంచి మూరెడు దారం తీసి, చేతులకు చుట్టుకుని ఒక్కసారి గట్టిగా గుంజితే, పాత దారం అయితే పుటుక్కున తెగిపోతుంది. అలాంటి రీలును పారవేసి కొత్తది తెచ్చుకోవాలి. ఈ మొత్తం పనిలో కొనక తప్పని వస్తువు ఏదైనా ఉంటే అది దారమే.

వయసును బట్టి కొన్ని నియమాలు

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. ఇంట్లో కుట్టి ఇచ్చే కానుకకు గుర్తు అవసరం లేకపోయినా, ఆ ప్రమాణాల వెనుక ఉన్న జాగ్రత్తలు మనకూ వర్తిస్తాయి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో, 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే విడిభాగం ఏదీ ఉండకూడదని ప్రమాణం చెబుతుంది. అంటే గుండీలు, పూసలు, మువ్వలు, గవ్వలు అన్నీ ఆ వయసుకు నిషిద్ధమే. ఎంత గట్టిగా కుట్టినా గుండీ ఒకనాటికి ఊడుతుంది. బొమ్మకు కళ్లు కావాలంటే దారంతోనే కుట్టాలి. పొడవైన తాళ్లు, రిబ్బన్లు కూడా పెట్టరాదు.

పసిబిడ్డ బొంత

బొంత కోసం మెత్తబడిన నూలు చీర ఒకటి, లేదా ఒక చీర, ఒక పంచె కావాలి. చీర వెడల్పు సుమారు 115 సెంటీమీటర్లు ఉంటుంది కనుక, దాని నుంచి 90 సెంటీమీటర్ల చదరాలు రెండు, కింది పొరకు 98 సెంటీమీటర్ల చదరం ఒకటి తీయాలి. కింది పొరను ఇలా ప్రతి వైపూ 4 సెంటీమీటర్లు పెద్దదిగా ఉంచడానికి కారణం, చివర్లో దానినే పైకి మడిచి అంచుపట్టీగా కుట్టడం. విడిగా పట్టీ వేయవలసిన పని తప్పుతుంది. మధ్య పొరకు పంచె గుడ్డ చాలా బాగుంటుంది, చెమ్మను పీలుస్తుంది. ఆ మధ్య పొరలో అక్కడక్కడ బలహీనమైన చోట్లు ఉన్నా ఫరవాలేదు. వాటి మీద చిన్న ముక్క వేసి టాకా కొడితే సరిపోతుంది.

నేలను శుభ్రంగా తుడిచి, ముందు పెద్ద చదరాన్ని మంచివైపు, అంటే బయటికి కనిపించవలసిన వైపు, నేలకు ఉండేటట్టు పరిచి, నాలుగు మూలలా బరువైన డబ్బాలు పెట్టాలి. దాని మీద మధ్య పొరను, ఆపైన పై పొరను నాలుగు వైపులా 4 సెంటీమీటర్లు వదిలి పరుస్తూ, ప్రతి పొరనూ మధ్య నుంచి అంచులకు అరచేత్తో నిమరాలి. అంచు నుంచి మధ్యకు నిమిరితే గాలి, ముడతలు లోపలే చిక్కుకుంటాయి. ఇప్పుడు గుడ్డ రంగుకు పూర్తిగా భిన్నమైన దారంతో, మధ్య నుంచి ఎనిమిది దిక్కులకూ పొడవైన లూజు టాకాలు వేయాలి. ఈ టాకాలు వేయడం విసుగనిపించినా మానకూడదు. ఇవి లేకుండా మొదలుపెట్టిన బొంత సగం కుట్టేసరికి ఒక మూల బెత్తెడు పక్కకు జరిగి ఉంటుంది.

అసలు కుట్టుకు ఎంబ్రాయిడరీ దారంలోని ఆరు పోగుల్లో మూడు పోగులు తీసుకోవాలి. యాంకరు కంపెనీ దారం ఒక కట్టలో 8 మీటర్లు ఉంటుంది, మూడు మూడు పోగులుగా విడదీస్తే 16 మీటర్లు అవుతుంది. వరుసకూ వరుసకూ మధ్య 4 సెంటీమీటర్ల దూరం ఉంచితే బొంతకు సుమారు ఇరవై రెండు వరుసలు వస్తాయి కనుక రెండు కట్టలు సరిపోతాయి. సూదిలోకి మూరన్నరకు మించి దారం ఎక్కించకూడదు, పొడవు పెరిగితే చిక్కులు పడుతుంది. ముడిని బయట కనిపించనివ్వకుండా, వరుస మొదలయ్యే చోటికి కాస్త దూరంలో పై పొరలోకి మాత్రమే సూదిని గుచ్చి, మొదలుపెట్టవలసిన చోట పైకి తీసి, దారాన్ని చిన్నగా గుంజాలి. సన్నని టక్కుమన్న చప్పుడుతో ముడి గుడ్డలోంచి దిగి, పొరల మధ్య ఉండిపోతుంది. అక్కడి నుంచి బియ్యపు గింజంత కుట్టు, అంతే ఎడం, మళ్లీ కుట్టు. సూది మీదికి మూడు నాలుగు కుట్లు ఒకేసారి ఎక్కించి లాగవచ్చు గాని, ప్రతిసారీ ఎడమచేతి వేళ్లతో అడుగున తడుముతూ సూది మొన మూడో పొరను కూడా అందుకుందని నిర్ధారించుకోవాలి. వరుసలను అంచు నుంచి అంచుకు కాక, మధ్య వరుసతో మొదలుపెట్టి రెండు వైపులకూ పోవడం మంచిది. దారాన్ని బిగలాగితే గుడ్డ కుచ్చులు పడుతుంది, వదిలేస్తే పిల్లల వేళ్లు చిక్కుకునే ఉచ్చులు మిగులుతాయి. ప్రతి వరుస చివర గుడ్డను రెండు వైపులా పట్టుకుని మెల్లగా సాగదీస్తే దారం తన చోట సర్దుకుంటుంది.

వరుసలన్నీ పూర్తయ్యాక లూజు టాకాలు తీసివేసి, కింది పొరలో మిగిలిన 4 సెంటీమీటర్లను సగానికి మడిచి, ఆ మడతను మళ్లీ పై పొర మీదకు మడిచి, హెమ్మింగు కుట్టుతో బిగించాలి. మూలల దగ్గర ముందుగా మూల కొనను లోపలికి త్రికోణంగా మడిచి, ఆ తరువాత రెండు వైపుల పట్టీలనూ దాని మీదకు తెస్తే, అతుకు ఏటవాలుగా కలిసి ఉబ్బెత్తు లేకుండా ఉంటుంది.

ఈ బొంతను మెలకువగా ఉన్న బిడ్డను పడుకోబెట్టి ఆడించడానికి, నూనె రాయడానికి, బోర్లా పడటం నేర్చుకునే రోజుల్లో నేల మీద పరచడానికి ఇవ్వాలి. ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు దగ్గర వదులైన దుప్పట్లు, దిండ్లు ఉండకూడదన్నది పిల్లల వైద్యుల మాట. ఆవాల దిండు కుట్టి ఇవ్వాలనుకునేవారు కూడా ఈ సంగతిని గమనించాలి.

గుడ్డ బంతి

ఇది అన్నింటికంటే చిన్న పని. 10 సెంటీమీటర్ల వ్యాసం గల బంతికి చుట్టుకొలత సుమారు 31.4 సెంటీమీటర్లు. ఆరు ముక్కలతో కుడితే ఒక్కో ముక్క పొడవు అందులో సగం, అంటే 15.7 సెంటీమీటర్లు, నడిమి వెడల్పు ఆరో వంతు, అంటే సుమారు 5.2 సెంటీమీటర్లు. అట్టముక్క మీద ఈ కొలతలతో రెండు కొనలూ సన్నగా ఉండే మామిడాకు ఆకారాన్ని గీసి, చుట్టూ 7 మిల్లీమీటర్లు కుట్టు కోసం వదిలి కత్తిరించాలి. ఆరు ముక్కలకూ పొడవు గీత పడుగు వెంటే ఉండాలి. ఒక ముక్క ఏటవాలుగా కత్తిరించినా అది మిగిలినవాటికంటే సాగి, బంతి ఒక వైపు పొట్ట పెంచుతుంది.

ముక్కలను మూడేసి చొప్పున మంచివైపులు కలిపి కుట్టి రెండు అరబంతులు చేసి, వాటిని మళ్లీ కలిపేటప్పుడు ఒక వైపు 5 సెంటీమీటర్ల సందు వదలాలి. కొనలు కలిసే చోట కుట్టును రెండుసార్లు నడిపి, వంపుల్లో కుట్టుకు తగలకుండా చిన్న చిన్న గంట్లు పెట్టి తిరగదీయాలి. లోపల కూరడానికి పాత దిండులోని పాలిస్టరు దూదిని ఉతికి ఆరబెట్టి వాడితే బంతిని తరువాత ఉతకవచ్చు. బూరుగు దూది నీళ్లలో తడిస్తే ఉండలు కడుతుంది. గుడ్డ పీలికలతోనే నింపాలంటే వాటిని సన్నగా కత్తిరించి, బయటి గోడ వెంట ముందుగా కాస్త దూదిని పరిచి, మధ్యలో పీలికలు పెట్టాలి, లేకపోతే బంతి బరువెక్కి గడ్డలు తేలుతుంది. అనుకున్నదానికంటే గట్టిగా కూరాలి. సందును, లోపలికి మడిచిన రెండు అంచులనూ ఎదురెదురుగా ఒక్కో చిన్న కుట్టుతో అందుకుంటూ మూసి, చివర దారాన్ని బంతిలోపలికి దింపి కత్తిరించాలి.

అష్టాచెమ్మా గుడ్డ

చాక్‌పీసుతో నేల మీద గీసుకునే అయిదు అయిదుల ఇరవై అయిదు గళ్ల పటాన్ని ఎన్నేళ్లయినా మడిచి దాచుకునేటట్టు గుడ్డతో కుట్టవచ్చు. పీలికలన్నీ ఉపయోగపడేది ఇక్కడే. లేత రంగు చదరాలు ఇరవై, ముదురు రంగువి అయిదు కావాలి. ముదురువి ప్రతి వైపు నడిమి గడికి ఒకటి చొప్పున నాలుగు, సరిగ్గా మధ్యన పండుగడికి ఒకటి. పూల అద్దకాలు, గీతలు ఎన్నయినా కలపవచ్చు గాని, కాయ ఏ గడిలో ఉందో దూరం నుంచి తెలియాలంటే లేతకూ ముదురుకూ తేడా స్పష్టంగా ఉండాలి. ముక్కలన్నింటినీ పరిచి కళ్లు సగం మూసి చూస్తే ఆ తేడా ఉందో లేదో తెలిసిపోతుంది.

ప్రతి చదరాన్నీ 8.5 సెంటీమీటర్లుగా కత్తిరించాలి. నాలుగు వైపులా 7.5 మిల్లీమీటర్లు కుట్టులో పోగా 7 సెంటీమీటర్ల గడి మిగులుతుంది. మరీ పలచని చీర ముక్క అయితే దాని వెనుక పంచె ముక్కను కలిపి ఒకటిగా వాడాలి. ముదురు గళ్ల మీద ఒకదానినొకటి దాటే రెండు ఏటవాలు గీతలను అతకడానికి ముందే గొలుసు కుట్టుతో వేయాలి. ఒక మూల నుంచి ఎదుటి మూలకు గీత గీసి, కుట్టు మార్జిన్‌లోకి పోకుండా మూలకు 1.5 సెంటీమీటర్ల ఇవతలే ఆపాలి.

అతకడం వరుసల వారీగా సాగుతుంది. మొదటి వరుసలో, అయిదో వరుసలో మూడో గడి ముదురు. రెండు, నాలుగు వరుసలు పూర్తిగా లేత. మూడో వరుసలో ఒకటి, మూడు, అయిదు గళ్లు ముదురు. ఒక్కో వరుసను కుట్టిన తరువాత వెనుకవైపు మార్జిన్లను మొదటి, మూడు, అయిదు వరుసల్లో కుడివైపుకు, రెండు, నాలుగు వరుసల్లో ఎడమవైపుకు ఇస్త్రీతో పడుకోబెట్టాలి. వరుసను వరుసతో కలిపేటప్పుడు ఈ ఎదురుబొదురు మడతలు ఒకదానికొకటి ఆనుకుని, గళ్ల మూలలు వాటంతట అవే సరిపోతాయి. ఈ ఒక్క ఇస్త్రీ పనిని బద్ధకించినవారి పటంలో నాలుగు గళ్లు కలిసే ప్రతి చోటా మెట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు 36.5 సెంటీమీటర్ల చదరం తయారైంది. దానికి 5 సెంటీమీటర్ల వెడల్పు, 36.5 సెంటీమీటర్ల పొడవు గల రెండు పట్టీలను ఎదురెదురు వైపులా, 43.5 సెంటీమీటర్ల పొడవు గల మరో రెండింటిని మిగిలిన వైపులా అతకాలి. చీర అంచులను ఇక్కడ వాడితే పటానికి మంచి చట్రం వస్తుంది. లుంగీ నుంచి 43.5 సెంటీమీటర్ల చదరాన్ని అడుగు గుడ్డగా కత్తిరించి, మంచివైపులు కలిపి చుట్టూ కుట్టి, 10 సెంటీమీటర్ల సందు నుంచి తిరగదీసి, సందును మూసి, గళ్లు కలిసిన గాడిలోనే మిషను నడిపితే రెండు పొరలూ ఒకటవుతాయి. పూర్తయిన పటం 42 సెంటీమీటర్లు ఉంటుంది.

బొందు సంచికి 20 సెంటీమీటర్ల వెడల్పు, 48 సెంటీమీటర్ల పొడవు గల ముక్క చాలు. రెండు పొట్టి అంచులనూ ముందు 1 సెంటీమీటరు, తరువాత 2.5 సెంటీమీటర్లు మడిచి కుడితే బొందు దూరే దారి ఏర్పడుతుంది. సంచిని మంచివైపులు లోపలికి ఉండేటట్టు సగానికి మడిచి, రెండు పక్కలనూ అడుగు నుంచి ఆ దారి కింది గీత వరకు మాత్రమే కుట్టాలి. పైదాకా కుట్టేస్తే బొందు ఎక్కించే చోటు మూసుకుపోతుంది. మిగులు పీలికలతో కుట్టిన 55 సెంటీమీటర్ల బొందులను రెండు తీసుకుని, ఒకదానిని కుడివైపు నుంచి, మరొకదానిని ఎడమవైపు నుంచి పిన్నీసుతో చుట్టూ దూర్చి, కొనలు ముడివేస్తే రెండు వైపులా లాగగానే సంచి మూతి బిగుస్తుంది.

పటాన్ని అటు మూడు, ఇటు మూడు మడతలు వేస్తే 14 సెంటీమీటర్ల చదరమై ఈ సంచిలో పడుతుంది. దానితోపాటు నాలుగు గవ్వలు, నాలుగు రంగుల్లో నాలుగేసి కాయలు వేయాలి. కాయలకు పాత చొక్కాల గుండీలు సరిగ్గా సరిపోతాయి. గవ్వలు దొరకకపోతే చింతపిక్కలను ఒక వైపు తెల్లగా కనిపించేదాకా నేల మీద అరగదీసి వాడవచ్చు. ఇంట్లో మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ సంచిని అందని ఎత్తులో ఉంచాలని, పటాన్ని చేత్తోనే ఉతికి, పిండకుండా నీడలో పరిచి ఆరవేయాలని కానుక ఇచ్చేటప్పుడు పిల్లల అమ్మానాన్నలకు చెప్పాలి.